గ్లయోబ్లాస్టోమా: రేడియేషన్ మధ్యలో అన్నం మాన్పించి కీటో పెట్టొచ్చా?

పెన్నాతీరం:

మా నాన్నగారికి 58 ఏళ్ళు, గ్లయోబ్లాస్టోమా (మెదడు క్యాన్సర్). ఆపరేషన్ అయింది. రేడియేషన్ 30 సిట్టింగుల్లో 9 పూర్తయ్యాయి. వాడుతున్న మందులు: రోజూ కీమో మాత్ర టెమోజోలమైడ్, స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 4 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్, వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్. పాత షుగర్ ఉంది, దానికి గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్. ఆపరేషన్‌కి ముందు 67 కిలోలు, రెండు నెలల్లో 62కి వచ్చారు. పొద్దున పరగడుపున షుగర్ 104, సాయంత్రం 210 దాకా పోతోంది.

చుట్టాలందరిదీ ఒకటే మాట: "క్యాన్సర్‌కి చక్కెరే తిండి, అన్నం ఆపేస్తే గడ్డ మాడిపోతుంది." మా బాబాయి వీఆర్కే డైట్ (కొబ్బరినూనె ఎక్కువగా వాడే కీటో తరహా డైట్) చేసి బరువు తగ్గారు, అదే పెట్టేయమంటున్నారు. డాక్టరుగారిని అడిగితే "బరువు తగ్గకుండా చూసుకోండి చాలు" అన్నారు.

అడగదలుచుకున్నవి రెండు. ఇప్పుడు కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచే తిండి) మొదలుపెట్టొచ్చా? పెట్టకూడదంటే ఎప్పుడు, ఎంత కొలతలో పెట్టాలి? ఫోన్ నంబరిచ్చి "ప్యాకేజీ" అమ్మేవాళ్ళు దయచేసి వద్దు.

పథ్యం_గిన్నె:

ముందు బరువు సంగతి చూడండి. 67 నుంచి 62కి అంటే ఏడున్నర శాతం పోయింది. ఆరు నెలల్లో 5 శాతం మించి తగ్గితేనే పోషకాహార లోపం కింద లెక్క. అందుకని ఇవాళ్టికి నా జవాబు: కీటో వద్దు. చక్కెర, తీపి పానీయాలు మాత్రం ఇవాళే ఆపండి. చాలామంది కీటోనీ, చక్కెర మానడాన్నీ ఒకటే అనుకుంటారు, చిక్కంతా అక్కడే.

గడ్డ మాడిపోతుందన్న మాటకి మూలం ఉంది. 1920లలో జర్మనీలో ఓటో వార్‌బర్గ్, క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ దండిగా ఉన్నా గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చుకుంటూ విపరీతంగా ఖర్చుపెడతాయని చూపించాడు. పెట్ స్కాన్ పనిచేసేది ఈ గుణం మీదే. అంతవరకూ నిజం. కానీ మనిషి మెతుకు ముట్టకపోయినా కాలేయం ఊరుకోదు. కండలోని ప్రోటీన్ నుంచీ, కొవ్వులోని గ్లిసరాల్ నుంచీ గ్లూకోజ్ తయారుచేసి రక్తంలో నిలబెడుతుంది. పరగడుపు షుగర్ 95 ఉన్న మనిషికి కీటోలో 75, 80 అవుతుందేమో. గడ్డకి ఆ మాత్రం చాలు, పైగా అది గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా వాడుకుంటుంది. కీటోలో గట్టిగా తగ్గేది ఇన్సులిన్. ఆశపెట్టుకోదగ్గ పరిశోధన ఏదైనా ఉందంటే అది ఇన్సులిన్ చుట్టూనే ఉంది.

మీ నాన్నగారి జబ్బు మీదే జర్మనీలో రెండు ప్రయోగాలు జరిగాయి. ఎర్గో అనే మొదటిదాని ఫలితాలు 2014లో వచ్చాయి. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమా ఉన్న 20 మందికి కీటో ఆహారం ఇచ్చారు. ఎక్కువమంది ఒంట్లో కొవ్వు నుంచి కీటోన్లు తయారయ్యే స్థితికి, అంటే కీటోసిస్‌లోకి వెళ్ళారు, ప్రమాదమేమీ జరగలేదు, ముగ్గురు ఆ తిండి తినలేక మానేశారు. జబ్బు మాత్రం ఆగలేదు, సగం మందిలో అయిదు వారాల్లోనే ముదిరింది. రెండోది ఎర్గో2, 2020లో వచ్చింది. 50 మందిని రెండు గుంపులు చేసి అందరికీ మళ్ళీ రేడియేషన్ ఇచ్చారు, ఒక గుంపుకి దాంతోపాటు తొమ్మిది రోజులు కేలరీలు తగ్గించిన కీటో, మధ్యలో ఉపవాసం పెట్టారు. జబ్బు ముదరడానికి పట్టిన కాలంలో తేడా రాలేదు. రక్తంలో గ్లూకోజ్ తక్కువగా ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారని తర్వాత విడదీసి చూసినప్పుడు కనిపించింది. యూట్యూబ్‌లో ఎత్తిచూపేది ఈ ఒక్క వాక్యాన్నే. కానీ ఒంట్లో బాగున్నవాళ్ళకి స్టెరాయిడ్ తక్కువ అవసరమవుతుంది, స్టెరాయిడ్ తక్కువైతే గ్లూకోజూ తక్కువే ఉంటుంది. ఏది కారణమో, ఏది ఫలితమో అంత చిన్న గుంపులో తేలదు.

వేరే క్యాన్సర్లున్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఇంకొంచెం. అమెరికాలో అండాశయ, గర్భాశయ క్యాన్సర్ ఉన్న మహిళల మీద 12 వారాల ప్రయోగంలో ఇన్సులిన్, పొట్టలోని కొవ్వు తగ్గాయి, ఒంట్లో ఓపిక కొంత పెరిగింది. వాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళున్నవాళ్ళు, తగ్గడానికి వాళ్ళ దగ్గర బరువుంది. ఎలుకల్లో కథ రెండు వైపులా నడిచింది. కణాల పెరుగుదలని నడిపే పీఐ3కే అనే మార్గాన్ని అడ్డుకునే మందులు ఇన్సులిన్‌ని పెంచి తమ పని తామే చెడగొట్టుకుంటాయి, కీటో పెడితే ఆ మందులు బాగా పనిచేశాయని 2018లో చూపించారు. అదే పరిశోధనలో, మందు లేకుండా ఉత్త కీటో పెట్టిన ఎలుకల్లో ఒక రకం రక్తక్యాన్సర్ మరింత త్వరగా ముదిరింది. బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉన్న మెలనోమా (చర్మ క్యాన్సర్) గడ్డలు కీటోన్‌తో పెరిగాయి. అందుకే "క్యాన్సర్‌కి కీటో మంచిదా?" అని ఎవరైనా అడిగితే ముందు ఏ క్యాన్సర్, ఏ మందు అని ఎదురు అడగాల్సి వస్తుంది.

రేడియేషన్ అయ్యేదాకా మీరు చేయదగింది చెప్తాను. కిలోకి 25 నుంచి 30 కేలరీలంటే రోజుకి సుమారు 1,700. ప్రోటీన్ కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 75 నుంచి 90 గ్రాములు. పిండిపదార్థం 120 గ్రాముల దగ్గర ఆపండి, మిగతాది కొవ్వు, 95-100 గ్రాములు. బరువు తగ్గుతూ, ఇన్సులిన్ సరిగా పనిచేయని క్యాన్సర్ రోగులకి పిండిపదార్థం వాటా తగ్గించి కొవ్వు వాటా పెంచమని యూరప్ వైద్య పోషకాహార సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలే చెప్తున్నాయి. మొత్తం తిండి తగ్గించమని మాత్రం అవి చెప్పవు.

120 గ్రాములంటే: పొద్దున రెండు చిన్న ఇడ్లీలు, రెండు గుడ్లు, మధ్యాహ్నం కప్పు అన్నం, వండాక తూచి 150 గ్రాములు (ఇందులోనే 42 గ్రాములు పోతాయి), పప్పు, చేపో చికెనో, రాత్రి ఒక జొన్నరొట్టె, పనీరు కూర, మధ్యలో గ్లాసు పాలు, కప్పు పెరుగు.

మీరు రాసిన 104, 210 అంకెలు స్టెరాయిడ్ షుగర్‌కి అచ్చమైన ఉదాహరణ. పొద్దున వేసిన డెక్సామెథసోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగర్ లేపుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చూసుకుంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నాలుగింటికి బిస్కట్లో అరటిపండో పెట్టే అలవాటుంటే ఆ టైముకి గుడ్డు, పల్లీలు పెట్టండి, పండు పొద్దుటికి మార్చండి. రెండో డోసు రాత్రి వేస్తుంటే మధ్యాహ్నం రెండులోపు మార్చొచ్చేమో అడగండి, నిద్ర కూడా పడుతుంది.

మీ బాబాయిగారి డైట్ బరువూ షుగరూ తగ్గాలనుకునేవాళ్ళ కోసం కట్టింది. నూరు గ్రాముల కొబ్బరినూనెలో 900 కేలరీలు, ప్రోటీన్ సున్నా. మీ ఇంట్లో ఇప్పుడు బరువు తగ్గడమే జబ్బు.

మందుల_చీటీ:

తిండి కన్నా ముందు మందుల చీటీ మార్చాలి. మీ జాబితాలో నన్ను భయపెట్టింది డాపాగ్లిఫ్లోజిన్. ఇది, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మూడూ ఒకే జాతి, చక్కెరని మూత్రంలోకి తోసేస్తాయి. దీని మీద పిండిపదార్థం తెగ్గోస్తే కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు, అదీ మీటర్‌లో షుగర్ 150, 160 చూపిస్తుండగానే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వస్తాయి. ఇంట్లోవాళ్ళు "కీమో వాంతులే" అనుకుని రెండు రోజులు గడిపేస్తారు, ప్రమాదం అందులోనే ఉంది. కీటో సంగతి అలా ఉంచండి, నోరు సహించక తిండి తగ్గిపోయినా ఇదే ముప్పు. రేపు రేడియేషన్‌కి వెళ్ళినప్పుడే ఈ మందు కొనసాగించాలా అని అడగండి. ఆపమంటే, సాయంత్రం 210ని దించడానికి దాని బదులు ఏమిస్తారో కూడా అప్పుడే అడగాలి.

గ్లిమెపిరైడ్‌ది వేరే గొడవ. రేడియేషన్ అయ్యాక డెక్సామెథసోన్ మెల్లగా తగ్గిస్తారు. అదే వారంలో మీరు అన్నం కూడా తగ్గిస్తే, మాత్ర మాత్రం పాత డోసే నడిస్తే, రాత్రిపూట షుగర్ 60కి పడిపోతుంది. మెదడులో గడ్డ ఉన్న మనిషి అర్ధరాత్రి చెమటలు పట్టి, మాట తడబడితే ఫిట్స్ అనుకుంటారు. ముందు మీటర్ తీసి వేలి రక్తం చూడండి. డెక్సామెథసోన్‌ని మాత్రం సొంతంగా ఒక్కసారి ఆపొద్దు.

టెమోజోలమైడ్ ఖాళీ కడుపునే, రోజూ ఒకే టైముకి. కొవ్వు భోజనం మీద వేస్తే ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఇతర క్యాన్సర్ మాత్రల్లో ఇది తలకిందులుగా కూడా ఉంటుంది. ప్రోస్టేట్‌కి వాడే అబిరాటెరోన్‌ని నెయ్యీ నూనే దండిగా ఉన్న భోజనంతో వేస్తే రక్తంలోకి వెళ్ళే మందు పది రెట్ల దాకా పెరుగుతుంది. నిలోటినిబ్, లపాటినిబ్, పజోపానిబ్ కూడా తిండితో వేయకూడనివే. నిలోటినిబ్ మోతాదు అలా పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది. రెగోరాఫెనిబ్‌కి కొవ్వు తక్కువున్న భోజనమే కావాలి, కీటోలో అది కుదరదు. పిల్లల రక్తక్యాన్సర్‌లో ఇచ్చే ఆస్పరజినేజ్‌తో ట్రైగ్లిజరైడ్లు పెరిగి పాంక్రియాస్ వాచే ముప్పు ఎలాగూ ఉంది, దాని మీద కీటో పెట్టకూడదు. పీఐ3కే మందు అల్పెలిసిబ్ వాడేవాళ్ళకి మాత్రం పిండిపదార్థం తగ్గించమని డాక్టర్లే చెప్తారు, ఆ మందు షుగర్‌ని అంతగా లేపుతుంది.

ఇంకొకటి. లెవెటిరాసెటమ్, దగ్గు మందు, విరేచనం మందు సిరప్‌ల రూపంలో ఉంటే వాటిలో చక్కెర ఉండొచ్చు, మాత్రలున్నచోట మాత్రలు అడగండి. అలాగని క్యాజువాల్టీలో డెక్స్‌ట్రోజ్ సెలైన్ పెడుతుంటే "మాది కీటో" అని అడ్డుపడకండి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరులో ఉండేది 25 గ్రాములే.

పెన్నాతీరం:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. డాపాగ్లిఫ్లోజిన్ గురించి రేపే అడుగుతాను. రేడియేషన్ అయ్యాక బరువు నిలబడి, డాక్టరుగారు ఒప్పుకుంటే, ఆ తర్వాత మెట్టుకి మన వంటలతో కొలతలు ఎవరైనా చెప్పగలరా? నెట్‌లో 4:1 అని ఉంది, అది మనకి పనికొస్తుందా? చిరుధాన్యాలు, బెల్లం, తేనె పర్వాలేదని కూడా అంటున్నారు.

వంటింటి_లెక్క:

4:1 మూర్ఛ ఉన్న పిల్లల కోసం వచ్చిన పద్ధతి. నాలుగు గ్రాముల కొవ్వుకి, ప్రోటీనూ పిండిపదార్థమూ కలిపి ఒక్క గ్రాము. 1,700 కేలరీలకి లెక్కేస్తే కొవ్వు 170 గ్రాములు, మిగతా రెండూ కలిపి 42 గ్రాములు. అందులో కూరగాయలకి 12 తీసేస్తే ప్రోటీన్‌కి మిగిలేది 30. మీ నాన్నగారికి కావలసింది 80. స్టెరాయిడ్ ఒకపక్క తొడల కండ తినేస్తుంటే ఇంకోపక్క 30 గ్రాముల ప్రోటీన్ పెడితే కుర్చీలోంచి లేవలేరు. దాన్ని వదిలేయండి.

పనికొచ్చే కొలత: పిండిపదార్థం 35-40, ప్రోటీన్ 80-85, కొవ్వు 135-140 గ్రాములు. ఒక రోజు ఇలా వస్తుంది. పొద్దున మూడు గుడ్ల ఆమ్లెట్, రెండు చెంచాల నెయ్యి. పదకొండింటికి గట్టి పెరుగు 150 గ్రాములు, వేయించిన పల్లీలు 30 గ్రాములు. మధ్యాహ్నం పచ్చిగా తూచి 150 గ్రాముల చికెన్ లెగ్ ముక్కలో, శీలావతి చేపో, ఒకటిన్నర పెద్ద చెంచాల నూనెతో; బీరకాయో దొండకాయో 150 గ్రాములు, ఒక పెద్ద చెంచా నూనెతో; 40 గ్రాముల పచ్చికొబ్బరి పచ్చడి; అన్నం బదులు కాలీఫ్లవర్ తురుము వేయించి. రాత్రి పాలకూర పనీరు, పనీరు 100 గ్రాములు, నూనె ఒకటిన్నర పెద్ద చెంచాలు. పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, అందులో పదమూడున్నర గ్రాముల కొవ్వు. ఇంట్లో కూర గరిట పెట్టి "చెంచా" అంటే లెక్క మొత్తం పోతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో మన కూరగాయలు, పప్పులు ఉన్నాయి, వాటినే వాడండి.

ఎక్కడ తప్పుతుందంటే, వేసిన నూనెంతా కడుపులోకి వెళ్ళదు. ఇగురు మీద తేలిన నూనె మూకుడులో కొంత, కంచం అంచున కొంత మిగిలిపోతుంది. కాగితం మీద 1,740 కేలరీలు, నోట్లోకి వెళ్ళేవి 1,450, అలా వారానికి పావుకిలో పోతుంది. అందుకే నూనె కూరలో పోయకుండా, వండాక ఆ మనిషి గిన్నెలోనే తూచి కలపండి. మిగిలితే కనిపిస్తుంది.

దొంగ పిండిపదార్థం దొరికే చోట్లు: పులుసులో చింతపండు (పది గ్రాముల ఉండలో ఆరేడు గ్రాములు), ఉల్లిపాయ ముద్దతో చేసిన గ్రేవీ, పులుసులో వేసే చిటికెడు బెల్లం, "షుగర్ ఫ్రీ" అని రాసిన మైదా బిస్కట్లు. చిరుధాన్యాల మాట చెప్పాలంటే నూరు గ్రాముల బియ్యంలో 78, జొన్నల్లో 68, రాగుల్లో 67. పీచు ఎక్కువ, షుగర్ మెల్లగా పెరుగుతుంది, మొదటి మెట్టులో బాగుంటాయి. ఈ మెట్టులో రాగిజావ గ్లాసుతో రోజు కోటాలో పెద్ద భాగం అయిపోతుంది. బెల్లం, తేనె చక్కెరతో సమానం, వాదన అక్కర్లేదు.

కొబ్బరినూనెతో కీటోన్లు బాగా వస్తాయన్నది సగం నిజం. వెంటనే కీటోన్లుగా మారే కొవ్వు అందులో ఏడో వంతు కూడా ఉండకపోవచ్చు, దాదాపు సగం లారిక్ ఆమ్లమే. త్వరగా కీటోన్లుగా మారే ఆ కొవ్వునే విడిగా తీసిన ఎంసీటీ నూనె వాడదలిస్తే భోజనంతో 5 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మూణ్ణాలుగు రోజులకోసారి అంతే పెంచండి. మొదటిరోజే 30 పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

మొదలుపెట్టే టైము ముఖ్యం. రేడియేషన్ అయ్యాక మామూలుగా నాలుగు వారాల విరామం ఇచ్చి, తర్వాత 28 రోజులకోసారి అయిదు రోజులు టెమోజోలమైడ్ ఇస్తారు. ఆ విరామంలో 120 నుంచి 80కి, వారం చూసి 60కి, ఇంకో వారానికి 40కి దింపండి. మొదట రాత్రిపూట రొట్టె తీసేయండి, తర్వాత ఇడ్లీ, ఆఖర్న మధ్యాహ్నం అన్నం. మాత్రలు వేసే అయిదు రోజుల్లో నూనె వాసనకే వికారం వస్తే బలవంతం వద్దు, పెరుగన్నం పెట్టేయండి.

మొదలుపెట్టే ముందు, తర్వాత నెలకోసారి: క్రియాటినిన్, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, యూరిక్ యాసిడ్, కాలేయం పరీక్షలు, కొవ్వు పరీక్షలు. బరువు వారానికి రెండుసార్లు, ఒకే మిషన్ మీద. కీటోన్ మీటర్ కొనాలనుకుంటే వేలి రక్తంతో చూసేదే కొనండి, 0.5 నుంచి 3 మధ్య ఉంటే చాలు. మూత్రం పట్టీలు కొన్ని వారాలయ్యాక రంగు సరిగా చూపించవు.

రెండోమాట:

వంటింటి_లెక్క గారి కొలతలకి అభ్యంతరం లేదు. కానీ ఎర్గో2లో ఏ లాభమూ కనపడని చోట ఇంత శ్రమ రోగి మీద పెట్టడం న్యాయమా అన్నది నా ప్రశ్న. మీ నాన్నగారు తినే ముద్ద ఆయనకి ఇష్టమైనది కావాలి. 120 దగ్గరే ఆగిపోతే స్టెరాయిడ్ షుగర్ అదుపులో ఉంటుంది, కండ నిలుస్తుంది, నాకు తెలిసి అంతకు మించి దక్కేదీ లేదు. రెండో మెట్టు ఆయన కోరితేనే ఎక్కండి, బాబాయి కోరితే కాదు.

ఎక్కితే మాత్రం ఒక జాగ్రత్త. పిండిపదార్థం తగ్గించిన మొదటి వారంలో ఉప్పూ నీరూ బయటికి పోయి తలనొప్పి, నీరసం, వికారం వస్తాయి. నెట్‌లో దీన్ని కీటో ఫ్లూ అని, ఉప్పు మజ్జిగ తాగితే పోతుందనీ రాస్తారు. మామూలు మనిషికి అది సరే. మెదడులో గడ్డ ఉన్నవాళ్ళలో తలనొప్పి, వాంతులు, మగత అంటే మెదడులో వాపు పెరిగిందని అర్థం కావచ్చు, స్టెరాయిడ్ తగ్గిస్తున్న వారంలో మరీనూ. మజ్జిగ ఇచ్చి చూద్దామని కూర్చోకండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పథ్యం_గిన్నె:

రెండోమాట గారితో నాకూ పేచీ లేదు. మొదలుపెట్టాక ఎప్పుడు ఆపాలో ముందే రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి: వారంలో కిలో తగ్గినా, రెండు రోజులు వరసగా సగం కన్నా తక్కువ తిన్నా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవలేకపోయినా, జ్వరం వచ్చినా, అదే పూట అన్నం పెట్టేయాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇవ్వండి, లీటరులో ఉండే 13.5 గ్రాముల గ్లూకోజ్ చూసి మానొద్దు. కీటోన్ 3 దాటి వాంతులు కూడా ఉంటే ఇంట్లో ఉంచొద్దు, ఆస్పత్రిలో షుగర్ మందు పేరు మొదటి మాటగా చెప్పండి.

ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం చేస్తుంది, అన్నం తగ్గితే ఇంకా బిగుస్తుంది. రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్ పెద్ద గ్లాసు నీళ్ళతో ఇవ్వండి, టెమోజోలమైడ్ వేసే టైముకి మాత్రం రెండు గంటలు ఎడంగా.